పసివాళ్ళ అపెండిసైటిస్: కీహోల్ ఆపరేషన్ ఎవరి దాకా చేరాలి



వార్డులోకి ఏ కొత్త పరికరం వచ్చినా మా గురువుగారు మమ్మల్ని అడిగేది ఒకటే. దీనివల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగేది ఏ పిల్లవాడికి, వాడి దాకా ఇది పోతుందా అని. పిల్లల్లో అపెండిసైటిస్‌కు చేసే కీహోల్ (లాప్రోస్కోపీ) ఆపరేషన్ గురించి ఈ ధర్మనిధి ఉపన్యాసంలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు ఆ ప్రశ్నే పట్టుకుని కూర్చున్నాను. నాకు తోచిన జవాబు ముందే చెబుతాను. అపెండిక్స్ పగిలి, పొట్టంతా చీము నిండి, ఆలస్యంగా మన దగ్గరికి వచ్చిన పిల్లవాడికే ఈ ఆపరేషన్ అన్నిటికంటే ఎక్కువ అవసరం. కాని మన రాష్ట్రాల్లో ఇది ఎక్కువగా అందుతున్నది నగరంలో ఉండి, తొలిరోజే వచ్చి, జబ్బు ఇంకా ముదరని పిల్లవాడికి. ఈ తారుమారును సరిచేయడం మనకు శక్తికి మించిన పని కాదు. అది చెప్పడానికే వచ్చాను.

ముందు జబ్బు సంగతి. పెద్దపేగు మొదలయ్యే చోట, పొట్టలో కుడివైపు అడుగున, చిటికెనవేలంత తోక ఒకటి ఉంటుంది, అదే అపెండిక్స్. దాని సన్నని రంధ్రం గట్టిపడిన మలపు ఉండ వల్లనో, ఏదైనా జ్వరం తర్వాత ఉబ్బిన లింఫ్ కణజాలం వల్లనో మూసుకుపోతుంది. లోపల ఊరేది బయటికి పోదు. ఒత్తిడి పెరుగుతుంది, రక్తం ఆడదు, గోడ కుళ్ళి పగులుతుంది. జామగింజ పడిందని, వెంట్రుక మింగాడని ఇళ్ళలో అంటారు గాని అలాంటివి బహు అరుదు. పిల్లవాడు ఏదో తిన్నాడని తల్లిని నిందించే అత్తగారికి ఈ మాట గట్టిగా చెప్పాలి.

పల్లెల్లో దీన్ని ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారు. రోజులోపు కోత పడకపోతే ప్రాణం పోతుందని భయం. ఆ భయం రెండు రకాలుగా చెరుపు చేస్తున్నది. మామూలు కడుపునొప్పులకు కూడా ఆదరాబాదరాగా ఆపరేషన్లు జరిగిపోతున్నాయి. ఇక రోజు గడిచినా పిల్లవాడు లేచి తిరుగుతుంటే, అయితే ఇది ఆ నొప్పి కాదులే అని ఇంటిల్లిపాదీ ధీమా పడుతున్నారు. రెండోదే ఎక్కువ ప్రమాదం. చాలామందిలో అపెండిక్స్ పగిలేది ఒకటిన్నర రోజుకీ మూడు రోజులకీ మధ్య. పగిలిన తర్వాత లోపలి ఒత్తిడి దిగిపోయి కొన్ని గంటలు నొప్పి తగ్గుతుంది కూడా. "నొప్పి తగ్గిందండీ, ఇంటికి తీసుకుపోతాం" అని తల్లిదండ్రులు లేచేది సరిగ్గా అప్పుడే. అలాంటి పిల్లవాడిని ఇంకోసారి బల్ల మీద పడుకోబెట్టి పొట్ట తడిమి చూడకుండా పంపకండి.

పదేళ్ళవాడు తన కథ తానే చెబుతాడు. బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది, అన్నం సహించలేదు, వాంతి అయింది, తర్వాత నొప్పి కుడివైపు కిందికి దిగింది అంటాడు. ఒంటికాలి మీద గెంతమంటే మొహం ముడుచుకుంటాడు. ముందు నొప్పి, వెనక వాంతి. ఈ వరస చాలాసార్లు రక్తపరీక్ష కంటే ఎక్కువ చెబుతుంది. మూడేళ్ళ పిల్ల దగ్గర ఈ కథ ఉండదు. పాలు వద్దంటుంది. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుంటుంది. ఎత్తుకుంటే ఏడుస్తుంది. అపెండిక్స్ కటిభాగంలోకి వేలాడుతూ ఉంటే పక్కనున్న పురీషనాళాన్ని, మూత్రాశయాన్ని రేపుతుంది. అప్పుడు జిగురు విరేచనాలు, మూత్రంలో మంట. చీటీ మీద విరేచనాల మందు రాసి పంపేస్తారు. రెండు రోజులకు పొట్ట ఉబ్బి వస్తుంది.

ఆ వయసులో శరీరం కూడా కాపాడదు. పెద్దవాళ్ళలో పేగుల ముందు వేలాడే కొవ్వుపొర వచ్చి వాచిన అపెండిక్స్‌ను చుట్టుకుంటుంది. చీమును ఒకచోట కట్టేస్తుంది. పసిపిల్లల్లో ఆ పొర పల్చన, పొట్టి. అపెండిక్స్ గోడ కూడా పల్చనే. అందుకే ఐదేళ్ళలోపు పిల్లల్లో సగానికి పైగా పగిలిన తర్వాతే బయటపడతారు. మూడేళ్ళలోపు ఇంకా ఎక్కువ. అన్ని వసతులూ ఉన్న అమెరికాలోనే, అన్ని వయసుల పిల్లలను కలుపుకుంటే దాదాపు ముగ్గురిలో ఒకరు పగిలాకే ఆసుపత్రికి చేరుతున్నారు. మన ఏజెన్సీ గ్రామాల సంగతి వేరే చెప్పాలా?

ఇంట్లో చేసే ఒక పని గురించి చెప్పి ముందుకు పోతాను. కడుపునొప్పి అనగానే అమ్మమ్మలు ఆముదం తీస్తారు. బొడ్డు మీద రాస్తే నష్టం లేదు. తాగిస్తే మాత్రం పేగులు బలంగా కదిలి, పగలబోయే అపెండిక్స్‌ను తొందరపెడతాయి. వైద్యులం మనం కూడా ఒక పాత అలవాటు మానాలి. నొప్పి మందు ఇస్తే రోగలక్షణాలు మరుగున పడతాయని మాకు చదువుకునే రోజుల్లో నేర్పారు. పిల్లల మీద చేసిన పరిశోధనల్లో అది రుజువు కాలేదు. సర్జన్ వచ్చేదాకా పసివాడిని నొప్పితో ఏడవనివ్వడానికి ఇప్పుడు ఏ సమర్థనా లేదు.

అపెండిక్స్ తొలగించినట్టు రాతపూర్వకంగా దొరికే మొదటి ఆపరేషన్ ఒక పిల్లవాడికే జరిగింది. 1735 డిసెంబరులో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ ఆమ్యాండ్ పదకొండేళ్ళ కుర్రవాడి హెర్నియా విప్పాడు. ఆ సంచిలో అపెండిక్స్ కనబడింది. మింగిన గుండుసూది దాన్ని పొడుచుకుని ఉంది. మత్తుమందు పుట్టడానికి ఇంకా నూరేళ్ళకు పైగా ఉంది. కుర్రవాడు ఆ బాధంతా మెలకువతోనే భరించి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత 1886లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బుకు పేరు పెట్టి, త్వరగా కోసి తీసేయాలన్నాడు. న్యూయార్క్‌లో మెక్‌బర్నీ నొప్పి బిందువును, కోత పెట్టే చోటునూ చూపాడు. ఆ కోతే సుమారు నూరేళ్ళు రాజ్యమేలింది.

నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది జర్మనీలోని కీల్ నగరంలో. అక్కడి విశ్వవిద్యాలయంలో స్త్రీరోగ వైద్యుడు కుర్ట్ జెమ్. వైద్యం చదవకముందే పనిముట్లు తయారుచేసే విద్య నేర్చినవాడు. పొట్టలోకి వాయువును కొలతగా పంపే యంత్రాన్ని, పొడవాటి పరికరాలను తానే రూపొందించుకున్నాడు. అండాశయాల జబ్బులకు లాప్రోస్కోపీ చేస్తూ 1980 సెప్టెంబరులో అదే దారిన అపెండిక్స్ తీశాడు. ఆ సంగతి సభలో చెబితే సర్జన్లు మండిపడ్డారు. అతన్ని వైద్యవృత్తి నుంచి తొలగించాలని జర్మన్ సర్జన్ల సంఘం అధ్యక్షుడు లేఖ రాశాడు. ఒక పెద్ద పత్రిక అతని వ్యాసాన్ని వెనక్కి పంపింది. చివరికి 1983లో అది అచ్చయింది. అపెండిక్స్ మొదట్లో ముడి వేయడానికి జెమ్ వాడినది రోడర్ ముడి. అంతకు చాలా ఏళ్ళ ముందు పిల్లల టాన్సిల్స్ ఆపరేషన్లలో రక్తం ఆపడానికి కనిపెట్టిన ముడి అది. పిల్లల వైద్యంలో పుట్టి, ఆడవాళ్ళ వైద్యంలో తిరిగి, మళ్ళీ పిల్లల దగ్గరికే వచ్చిందన్నమాట. నేను ఆ ముడి వేసిన ప్రతిసారీ ఇది తలుచుకుంటాను.

ఈ విద్య పిల్లలకు పనికొస్తుందా అన్న సందేహం తీర్చినవారిలో ఫ్రాన్సులోని నీస్ నగరం సర్జన్ జాన్-స్టెఫాన్ వాలా ముందువరసలో ఉంటారు. 1991లోనే 465 మంది పిల్లల అనుభవాన్ని ఆయన బృందం ప్రచురించింది. మన దేశంలో ముంబయి సర్జన్ తెహమ్టన్ ఉద్వాడియా 1972 నుంచే లాప్రోస్కోప్‌తో రోగ నిర్ధారణ చేస్తూ వచ్చారు. 1990లో జె.జె. ఆసుపత్రిలో, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, దానితో పిత్తాశయం తీశారు. ప్రభుత్వ ఆసుపత్రి అన్న మాటను మరోసారి వినండి. ఈ దేశంలో ఈ విద్య డబ్బున్నవాళ్ళ గదుల్లో పుట్టలేదు.

ఇక ఆపరేషన్. బొడ్డు మడతలో సెంటీమీటరు కోత పెడతాం. పిల్లల పొట్టగోడ పల్చన, దాని వెనకే వెన్నెముక మీద మహాధమని. అందుకని నేను సూదిని గుడ్డిగా గుచ్చను. షికాగోలో హారిత్ హాసన్ 1971లో చూపిన పద్ధతిలో ఒక్కొక్క పొరనూ కంటితో చూస్తూ తెరుస్తాను. కార్బన్ డయాక్సైడ్ నింపితే పొట్టగోడ డేరాలా పైకి లేచి లోపల పని చేసుకునే జాగా దొరుకుతుంది. ఆ వాయువే ఎందుకంటే అది మండదు. రక్తంలో త్వరగా కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పెద్దవాళ్ళలో 12 నుంచి 15 మిల్లీమీటర్ల ఒత్తిడి వాడితే, పిల్లల్లో వయసును బట్టి 8 నుంచి 12 చాలు. అంతకు మించితే డయాఫ్రం పైకి నెట్టుకుని ఊపిరి ఆడదు, గుండెకు రక్తం తిరిగి చేరడం తగ్గుతుంది. మరో రెండు చిన్న రంధ్రాలు, ఐదేసి మిల్లీమీటర్లవి. తల వైపు కిందికి దించి, బల్లను ఎడమకు వంచితే పేగులు పక్కకు జారి అపెండిక్స్ కంటబడుతుంది. దాని రక్తనాళాన్ని మాడ్చి, మొదట్లో ముడివేసి, కోసి, సంచిలో పెట్టి బొడ్డులోంచి తీసేస్తాం.

ఇందులో సగం పని మత్తు డాక్టరుది. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో చూపే క్యాప్నోగ్రాఫ్ లేని థియేటర్లో పిల్లవాడికి లాప్రోస్కోపీ మొదలుపెట్టకూడదు. దీనిలో నాకు రాజీ లేదు. మత్తులో ఉన్న మనిషి ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న పట్టుదల మన హైదరాబాదుకు పాతది. 1888, 1889లలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్ల మీద దేశదేశాల వైద్యులు వాదించుకున్నారు. గుండె గురించి వాళ్ళు తీర్మానించినది తర్వాత నిలవలేదు. ఊపిరి మీద కన్ను పెట్టండన్న మాట నిలిచింది.

తల్లిదండ్రులు కీహోల్ అనగానే అడిగేది మచ్చ గురించి. ఆడపిల్ల అయితే ముందు అదే అడుగుతారు, రేపు పెళ్ళి మాటలప్పుడు ఏమంటారోనని. వాళ్ళ ఆందోళనను నేను చిన్నచూపు చూడను. అయితే ఆడపిల్లకు ఈ ఆపరేషన్ వల్ల అంతకంటే పెద్ద మేలు ఒకటుంది. కుడివైపు నొప్పితో వచ్చిన పన్నెండేళ్ళ పిల్లలో అపెండిక్స్ శుభ్రంగా ఉండి, అండాశయం మెలి తిరిగి నల్లబడుతూ ఉండవచ్చు. మెక్‌బర్నీ కోతలోంచి అది సరిగా కనబడదు. కెమెరాలో వెంటనే కనబడుతుంది. గంటల్లో మెలిక విప్పితే అండాశయం దక్కుతుంది. అలాగే చిన్నపేగుకు పుట్టుకతో ఉండే మెకెల్ సంచి, వాచిన పేగు గ్రంథులు, మన దేశంలో మరిచిపోకూడని పొట్ట క్షయ. ఇవన్నీ అపెండిసైటిస్ వేషంలో వస్తాయి. 1986లో నెదర్లాండ్స్ రేడియాలజిస్టు పైలార్ట్ చూపిన అల్ట్రాసౌండ్ పద్ధతి, అంటే ప్రోబుతో మెల్లగా అదిమి 6 మిల్లీమీటర్లు దాటిన అపెండిక్స్‌ను పట్టుకోవడం, చాలావరకు ముందే తేలుస్తుంది. అది తేల్చలేని చోట లోపలికి చూసే కన్ను కావాలి.

ఇప్పుడు పగిలిన అపెండిక్స్ దగ్గరికి వద్దాం. పాత పద్ధతిలో చీము పొట్టలోంచి కోత గుండానే బయటికి రావాలి. చర్మం కింది కొవ్వంతా ఆ చీములో తడుస్తుంది. నాలుగైదు రోజులకు కుట్లు ఎర్రబడతాయి. వాటిని విప్పి పుండును తెరిచి పెట్టాలి. రోజూ కట్టు మార్చాలి. పిల్లవాడు డ్రెస్సింగ్ ట్రాలీ చప్పుడు వింటేనే వణుకుతాడు. తండ్రి కూలి పోగొట్టుకుని వారాల తరబడి వార్డు వరండాలో పడుకుంటాడు. కీహోల్‌లో ఈ గాయపు చీము బాగా తగ్గుతుంది, ఇంటికి పోయే రోజు ముందుకు వస్తుంది. పిల్లల మీద జరిగిన అధ్యయనాలు నిలకడగా చెబుతున్న విషయం ఇది. కాలేయం కింద, కటిలో, పేగుల మడతల మధ్య దాగిన చీమును కంటితో చూస్తూ పీల్చేయవచ్చు. పొట్టంతా సెలైన్‌తో కడగాలని మనం పట్టుబట్టేవాళ్ళం. అమెరికాలోని కాన్సస్ సిటీలో 220 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితం 2012లో వచ్చింది. కడిగినా, ఉత్తగా పీల్చి వదిలినా తేడా లేదు. రెండు వర్గాల్లోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి తర్వాత లోపల చీముగడ్డ కట్టింది. అంటే చిన్న రంధ్రం ఆలస్యాన్ని చెరిపేయదు. గాయపు బాధను మాత్రం తప్పిస్తుంది. వారాల కట్ల బాధ తప్పడం పసివాడికి చిన్న విషయం కాదు. ఈ పిల్లవాడికే కీహోల్ ముందు అందాలని నేననేది అందుకే.

కోత అసలు అవసరమా, యాంటీబయాటిక్స్ చాలవా అని ఈ మధ్య చదువుకున్న తల్లిదండ్రులు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. 2020లో అమెరికాలోని 10 పిల్లల ఆసుపత్రులు 1,068 మందిని గమనించి ప్రచురించిన అధ్యయనంలో, మందులు ఎంచుకున్న పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి ఏడాదిలోపు ఆపరేషన్ అవసరం పడలేదు. 2025 మొదట్లో లాన్సెట్‌లో వచ్చిన పరీక్ష ఇంకా కట్టుదిట్టమైనది. ఐదు దేశాల్లో 936 మంది పిల్లలు, ఎవరికి ఏ వైద్యమో చీటీ వేసినట్టు నిర్ణయించారు. ఏడాది తిరిగేసరికి మందుల వర్గంలో 34 శాతం, ఆపరేషన్ వర్గంలో 7 శాతం వైఫల్యం. ఈ రెండూ పగలని అపెండిసైటిస్ గురించే. లోపల మలపు ఉండ ఉంటే మందులు విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది.

నా అభిప్రాయం ఇది. ఆసుపత్రికి అరగంట దూరంలో ఉండి, నొప్పి తిరగబెడితే అర్ధరాత్రైనా రాగల కుటుంబానికి మందుల దారి చూపించవచ్చు. అన్నీ విప్పి చెప్పి నిర్ణయం వాళ్ళకే వదలవచ్చు. ఉట్నూరు అవతలి గూడెం నుంచి, పాడేరు ఘాట్ దిగి వచ్చిన పిల్లవాడికి నేను ఆపరేషనే చెబుతాను. మూడో నెలలో వాన కురిసే రాత్రి నొప్పి తిరగబెడితే వాడు మళ్ళీ మన గుమ్మం చేరతాడన్న హామీ లేదు. ఒకే జబ్బుకు ఇద్దరు పిల్లలకు రెండు వైద్యాలు చెప్పడం అన్యాయంగా అనిపించవచ్చు. దారి దూరాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అంతకంటే అన్యాయం.

ఒకసారి ఆసుపత్రిలో చేరి, యాంటీబయాటిక్ మొదలయ్యాక కొన్ని గంటల ఆలస్యం వల్ల పగలని అపెండిక్స్ పగిలే ప్రమాదం పెద్దగా పెరగదని కూడా ఇప్పుడు తెలుసు. అర్ధరాత్రి అలసిన చేతులతో కోయడం కంటే పొద్దున్నే పూర్తి బృందంతో చేయడం మేలు. పోయే కాలమంతా ఇంటికీ ఆసుపత్రికీ మధ్యనే పోతున్నది. 2005లో మొదలైన 108 వాహనాలు, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆ దూరాన్ని కొంత తగ్గించాయి. అయినా పాడేరు పిల్లవాడు విశాఖ కె.జి.హెచ్. దాకా, ఆసిఫాబాద్ పిల్లవాడు హైదరాబాదు నీలోఫర్ దాకా రావలసి వస్తే, సగం జబ్బు దారిలోనే ముదురుతుంది. వైద్యం ఇటు నుంచి అటు పోవాలి.

పోగలదు. ఖరీదైన స్టేప్లర్లు అక్కర్లేదు. రోడర్ ముడి మామూలు దారంతో చేత్తో వేసుకోవచ్చు. కోసిన అపెండిక్స్ తీయడానికి స్టెరిలైజ్ చేసిన గ్లవ్ వేలు సంచిగా సరిపోతుంది, మన దేశంలో ఎన్నో థియేటర్లలో అదే వాడుతున్నారు. పిల్లల్లో ఇంకో సౌలభ్యం ఉంది. పొట్టగోడ పల్చన, సాగే గుణం ఎక్కువ, అపెండిక్స్‌కీ బొడ్డుకీ దూరం తక్కువ. బొడ్డు దగ్గర ఒకే రంధ్రం పెట్టి, అపెండిక్స్‌ను పట్టుకుని బొడ్డులోంచి బయటికి తెచ్చి, పాత పద్ధతిలోనే చేత్తో కట్టి కోయవచ్చు. తెరిచి చేయడం వచ్చిన సర్జన్‌కు ఇందులో కొత్తగా నేర్వవలసింది సగమే. పెద్దపేగు వెనక అతుక్కుపోయిన అపెండిక్స్ ఇలా రాదు. అప్పుడు ఇంకో రంధ్రమో, కోతో పెట్టడమే సరైన పని. మంచి చేతులతో, సరైన సమయంలో పెట్టిన చిన్న కోత పిల్లవాడిని ఇప్పటికీ చక్కగా కాపాడుతుంది. జిల్లా ఆసుపత్రిలో ఆ పని చేస్తున్న సర్జన్లను కీహోల్ రాదని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

ఆ సర్జన్ల కోసం ఈ ధర్మనిధిని నెలకొల్పిన గురువుగారి కుటుంబం ముందు ఒక కోరిక పెడుతున్నాను. ఏటేటా ఈ ఉపన్యాసంతో పాటు నిధి వడ్డీలో కొంత, ఏజెన్సీ ప్రాంతపు ఆసుపత్రుల నుంచి ఒక సర్జన్, ఒక మత్తు డాక్టర్ జంటగా వచ్చి కొన్ని వారాలు మాతో పనిచేయడానికి వెచ్చించండి. విడివిడిగా వస్తే లాభం లేదు, ఇద్దరూ కలిసే రావాలి. ముందు అభ్యాసపు పెట్టె మీద ముడులు, తర్వాత మా పక్కన నిలబడి కెమెరా పట్టడం, ఆపైన మేం పక్కన ఉండగా వాళ్ళ చేతులతో ఒంటి రంధ్రపు పద్ధతి. వాళ్ళ ఆసుపత్రిలో క్యాప్నోగ్రాఫ్ ఉందో లేదో కనుక్కోవడం మొదటి రోజు పని, లేకపోతే దానికి అర్జీ మేమే రాసి పెడతాం. మొదటి జంట పాడేరు వైపు నుంచి వస్తే బాగుంటుంది. థియేటర్లో వారానికి రెండు రోజులు కేటాయించడానికి మా విభాగంలో మాట్లాడుకున్నాం. మత్తు విభాగం వాళ్ళు కూడా సరేనన్నారు.